ఐర్లండ్ ఊరోళ్లు ఆటను నిలుపుకున్నరు, భాష కాడ ఎందుకు ఆగిపోయిన్రు? (మన చిర్రగోనె ముచ్చట సుత ఉన్నది)

పీఈటీ సారు, సుబేదారి, హన్మకొండ:

అందరికి నమస్తే. సర్కారు బడులల్ల 34 ఏండ్లు పీఈటీగ చేసి దిగిపోయిన. పరకాల దిక్కు మొదలుపెట్టి, ములుగుల ఏడేండ్లు, ఆఖరుకు ధర్మసాగర్ మండలంల. ఇప్పుడు పొద్దుగాల ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌ల నాలుగు రౌండ్లు తిరుగుడు, ఇంటికొచ్చి పేపరు చదువుడు, గంతే పని. అడిగేది ఒక్క ప్రశ్ననే గని దాని ముందటి కథ జర పొడుగున్నది. ఓపికున్నోళ్లు చదువుండ్రి.

మా బిడ్డ, అల్లుడు ఐర్లండ్‌ల గాల్వే అనే ఊర్ల ఉంటరు. పడమటి సముద్రం ఒడ్డు. 2024 ఏప్రిల్ నుంచి ఆగస్టు దాంక ఆడనే ఉన్న. మొదటి వారం వాన. రెండో వారం వాన. మూడో వారం మా మనుమడు, తొమ్మిదేండ్లోడు, "తాతా, ఇయ్యాల ట్రెయినింగ్ ఉన్నది, నువ్వు సుత రా" అన్నడు. క్రికెట్ అనుకొని గొడుగు పట్టుకొని పోయిన. చూస్తే ముప్పై మంది పిలగాండ్లు, నెత్తికి జాలీ హెల్మెట్లు, చేతుల తెడ్డు లెక్క కొస వెడల్పున్న కట్టెలు. దాన్ని హర్లింగ్ అంటరట. బంతిని నేల మీద కొట్టొచ్చు, గాలిల కొట్టొచ్చు, చేత్తోటి పట్టొచ్చు, కట్టె కొస మీద నిలబెట్టుకొని ఉరకొచ్చు. హాకీకి, మన చిర్రగోనెకు (గిల్లీదండాకు) పెండ్లి చేస్తే పుట్టిన బిడ్డ లెక్క ఉన్నది. గోలు కంబాలు ఇంగ్లీషు హెచ్ అక్షరం తీరు. అడ్డకర్ర కిందికెళ్లి పోతే గోలు, అది మూడు పాయింట్లకు సమానం. మీదికెళ్లి పోతే ఒక్క పాయింటు.

ఆట నాకు గంటలనే సమజయింది. సమజ్ కానిది చుట్టుపక్కల సంగతి. ట్రెయినింగ్ ఇచ్చేటాయన పోస్ట్‌మన్. పక్కన విజిల్ పట్టుకున్నామె పళ్ల డాక్టరు. ఒక్కరికి జీతం లేదు. గ్రౌండ్ సర్కారుది కాదు, కాలేజీది కాదు, ఆ ఊరి క్లబ్బుదే. వారం వారం లాటరీ టికెట్లు అమ్మి గడ్డి కోయిస్తరు, లైట్ల బిల్లు కడ్తరు. చిన్న పిలగాండ్ల మ్యాచ్‌ల ఎవ్వన్ని బెంచి మీద కూసోపెట్టొద్దని నియమం, అందరు మొత్తం ఆట ఆడాల్సిందే. 34 ఏండ్లల్ల మంచిగ ఆడే పన్నెండు మందిని ఏరుకొని జోనల్ మీట్‌కు తోలకపోయి, మిగిలినోళ్లతోని గ్రౌండ్‌ల రాళ్లు ఏరిపిచ్చిన మనిషిని నేను. ఆ పొద్దు వానల నిలవడి జర సిగ్గుపడ్డ.

పెద్ద ఆటగాండ్లకు సుత పైసల్లేవు. డబ్లిన్‌ల క్రోక్ పార్క్ అనే స్టేడియంల 82,300 మంది పడ్తరు. ఆడ ఫైనల్ ఆడినోడు సోమవారం పొద్దుగాల పోయి బడిల పాఠం చెప్తడు. ఎవని ఊరు ఏదైతే ఆ ఊరి క్లబ్బుకు, ఆ జిల్లాకు ఆడాలె. వేలంపాట లేదు. ఆ జులైల గాల్వే జిల్లా గేలిక్ ఫుట్‌బాల్ (ఐర్లండోళ్ల సొంత ఫుట్‌బాల్) ఫైనల్‌కు వచ్చింది, అవతల ఆర్మా జిల్లా. ఊరు ఊరంత మెరూన్ జెండాలు, ఆఖరుకు కుక్క మెడకు సుత మెరూన్ గుడ్డ. ఆర్మా 1-11, గాల్వే 0-13 (ముందటిది గోల్లు, ఒక్కో గోలుకు మూడు; తర్వాతిది పాయింట్లు). లెక్క వేసుకోండ్రి, 14కు 13. ఒక్క పాయింటు! మా మనుమడు రాత్రి అన్నం తినలే. పక్కింటి ముసలామె వచ్చి వాని పక్కన కూసొని, "నేను నీ అంత ఉన్నప్పటి నుంచి ఏడుస్తనే ఉన్న" అన్నది. వాడు నవ్విండు.

ఇగ అసలు సంగతి. మ్యాచ్‌లప్పుడు గీత పక్కన నిలవడే కోచ్ అంగీ మీద "బానిష్చోర్" అని ఉంటది, అంటే మేనేజర్. నీళ్ల సీసాలు పట్టుకొని ఉరికే పిల్ల అంగీ మీద "మేర్ ఇష్కె" అని ఉంటది, అంటే నీళ్లు చూసేటామె. జెర్సీల మీద జిల్లా పేర్లు ఐరిష్ భాషల. కప్పు ఎత్తే కెప్టెన్ ముందు రెండు ముక్కలు ఐరిష్‌ల మాట్లాడి తర్వాత ఇంగ్లీషుకు దిగుతడు. నాకు మస్తు సంబురమైంది, ఆటతోని భాషను బతికించుకున్నరు గదా అని. అదే మాట పక్కింటామెతోని అన్న. ఆమె పదమూడేండ్లు బడిల ఐరిష్ చదివిందట. నీళ్లు అడగడానికి, దొడ్డికి పోతనని అడగడానికి తప్ప ఒక్క వాక్యం రాదట. గాల్వే నుంచి బస్సెక్కి అరగంట పోతే స్పిడల్ అనే ఊరు, ఆ దిక్కంత ఐరిష్ మాట్లాడేటోళ్ల జాగ, బోర్డులు సుత ఐరిష్‌లనే. నేను పోయిన్నాడు దుకాణంల పిలగాండ్లు మాత్రం ఇంగ్లీషుల కొట్టుకుంటున్నరు.

మరి ప్రశ్న ఏందంటే, ఆట కోసం వానల నానుతరు, జీతం లేకుంట చాకిరి చేస్తరు, గ్రౌండ్లు కొంటరు. ఇదంత మా అస్తిత్వం అంటరు. భాష కాడికి వచ్చేసరికి ఎందుకు నీళ్ల సీసా అంగీ దాంకనే వచ్చింది? మన కాడ ఉల్టా. భాష ఇంట్ల ఇంక ఉన్నది, ఆటలు పోయినయ్. రిటైరయ్యే ముందటేడు ఆరో తరగతిల చిర్రగోనె ఎవనికి వస్తది అని అడిగితే ఒక్కడు చెయ్యి లేపిండు. వాడు సుత ఫోన్‌ల చూసిండట.

చదువుకున్నోళ్లు, ఆడ ఉంటున్నోళ్లు జర చెప్పుండ్రి.

లిమరిక్‌ల మంచిర్యాల అక్క:

సారూ నమస్తే. నేను 2016 నుంచి లిమరిక్‌ల నర్సుగ చేస్తున్న. మీరు ఎండకాలంల వచ్చి ఐదు నెలలు చూసిన్రు కాబట్టి అంత మంచిగ కనిపించింది. నవంబరుల మూడు డిగ్రీల చలిల పొద్దుమూకినంక ఏడింటికి పిల్లను గ్రౌండ్‌కు తోలకపోయి, కారుల హీటర్ వేసుకొని కూసుంటే తెలుస్తది ఈ అస్తిత్వం ఎంత బరువుంటదో.

మా ఊరు హర్లింగ్ పిచ్చి. 1973 తర్వాత 45 ఏండ్లు ఆల్ ఐర్లండ్ కప్పు లేదు. 2018ల గెలిచిన్రు, మళ్ల 2020 నుంచి 2023 దాంక వరుసగ నాలుగేండ్లు. నేను వచ్చినప్పుడు వార్డుల ముసలోళ్లందరు "సచ్చేలోపు ఒక్కసారి చూడాలె" అంటుండె. 2018ల గెలిచిన తెల్లారి వార్డుకు పోతే ఒకాయన పచ్చ జెండా కప్పుకొని పండుకున్నడు, బీపీ చూడనియ్యలే.

మా పాప కామోగీ ఆడుతది. అంటే ఆడపిల్లల హర్లింగ్. దాని సంఘం 1904ల పుట్టింది. అందరు చేతులు చాపి పిలిచిన్రని అబద్ధం చెప్ప. మొదటి ఏడు గేటు కాడ అమ్మలంత ఒక గుంపు, నేను ఒక్కదాన్ని. వాళ్ల నాయినలు, తాతలు అదే క్లబ్బుకు ఆడినోళ్లు, వాళ్ల ముచ్చట్లు 1950ల నుంచి మొదలైతయ్. నేనేం మాట్లాడాలె? ఒకసారి సాండ్‌విచ్‌లు చేసేటోళ్లు తక్కువైన్రంటే నేను పుదీన చట్నీ పెట్టి ఇరవై చేసి తీసుకపోయిన. గప్పటి నుంచి గుంపుల కలిసిన. అంటే గీత అవతల పని చేస్తే లోపలికి రానిస్తరు. ఇది మంచిదో చెడ్డదో నాకు ఇంక తెల్వదు.

2025ల డబ్లిన్‌ల మన ఇండియా వాళ్ల మీద దాడులైనయ్ గదా, గప్పుడు నేను రాత్రి డ్యూటీ అయినంక బస్టాండ్ కాడ నిలవడాలంటే భయపడ్డ. మా పాప కోచ్ ఫోన్ చేసి, నీ డ్యూటీలు ఎప్పుడెప్పుడో రాసి పంపు అన్నడు. నెల రోజులు వంతులు వేసుకొని ఎవరో ఒకరు కారుల దించిన్రు. ఉపన్యాసమేం ఇయ్యలే, అసలు ఆ సంగతి ఎత్తనే లేదు, కారుల అంత సేపు నిన్నటి మ్యాచే.

ఇంకోటి. మా బతుకమ్మ ఆ క్లబ్బు హాల్లనే ఆడుతం. తంగేడు యాడ దొరుకుతది, సూపర్‌మార్కెట్ బంతిపూలు, చామంతులే. మొదటి ఏడు తాళాలిచ్చిన ముసలాయన ఆఖరు దాంక తలుపు కాడ నిలవడి చూసి, "ఈ పాటల అర్థం మీ పిల్లలకు తెలుసా" అని అడిగిండు. నేను తెలుసన్న. సగం అబద్ధం. మా పాపకు ఉయ్యాలో ఒక్కటే తెలుసు.

కాబట్టి సారూ, నీళ్ల సీసా అంగీ మీద నవ్వే ముందు మన ఉయ్యాలో సంగతి సుత ఆలోచించుండ్రి. మా పాపకు బడిల ఐరిష్ తప్పదు. బయటి దేశం నుంచి వచ్చిన పిల్లలల్ల అయితే పన్నెండేండ్లు దాటి వచ్చినోళ్లకే మినహాయింపు దొరుకుతది. ఇంట్ల నాకంటే దానికే ఎక్కువ వస్తది ఐరిష్. తెలుగు రాసుడు మాత్రం రాదు.

కరీంనగర్ చరిత్రోడు:

పీఈటీ సారు ప్రశ్న మంచిది. కాకతీయ యూనివర్సిటీలో ఎంఏ చేసేటప్పుడు ఐర్లండ్ మీద ఒక సెమినార్ పేపర్ రాసిన, ఆ పిచ్చి ఇంకా పోలేదు. అందుకే జర ఎక్కువ రాస్తున్న, తిట్టుకోకండి.

ముందు ఒకటి: ఆటనూ భాషనూ కలిపి కొట్టింది వాళ్లు కాదు, రాజ్యం. 1366లో కిల్కెనీ శాసనాలని ఇంగ్లండ్ రాజు తరఫున వచ్చినయి. ఐర్లండ్‌లో స్థిరపడ్డ ఇంగ్లీషోళ్లు స్థానికుల్లాగ మారిపోతున్నరని భయం. ఇంగ్లీషే మాట్లాడాలె, హర్లింగ్ ఆడొద్దు, బాణాలు వేసుడు నేర్చుకోవాలె అని ఒకే చట్టంలో రాసిన్రు. తమాషా ఏందంటే ఆ చట్టం రాసింది ఫ్రెంచ్‌లో.

భాష విరిగింది మాత్రం 19వ శతాబ్దంలో. 1831 నుంచి వచ్చిన సర్కారు బడులన్నీ ఇంగ్లీషు మాధ్యమం. చాలా చోట్ల పిల్లల మెడలో కట్టె ముక్క కట్టేటోళ్లు, ఐరిష్ మాట వచ్చినప్పుడల్లా దాని మీద గాటు, సాయంత్రం గాట్లు లెక్కపెట్టి దెబ్బలు. ఇంట్లో ఐరిష్ మాట్లాడే తల్లిదండ్రులే ఆ గాట్లకు ఒప్పుకున్నరు, ఎందుకంటే పిల్ల అమెరికా ఓడెక్కాలంటే ఇంగ్లీషు కావాలె. తర్వాత 1845లో ఆలుగడ్డ పంట కుళ్లి కరువు. దాదాపు పది లక్షల మంది చచ్చిపోయిన్రు, ఇంకో పది లక్షల మంది దేశం విడిచిన్రు. ఎక్కువ దెబ్బ తగిలింది ఐరిష్ మాట్లాడే పడమటి పేదలకే. అంటే 1884లో టిప్పరరీలోని థర్లస్ ఊర్లో హేయ్స్ హోటల్‌లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూసొని గేలిక్ ఆటల సంఘం పెట్టేనాటికి భాష సగం కూలిపోయిన ఇల్లు. ఆటకు మాత్రం ఊర్లలో ఆడేటోళ్లు ఇంకా ఉన్నరు. సంఘం పెట్టిన మైకేల్ క్యూసాక్ స్వయంగా క్లేర్ జిల్లా ఐరిష్ మాట్లాడే ఇంట్లో పుట్టినోడు. ఇంకో తొమ్మిదేండ్లకు, 1893లో, డగ్లస్ హైడ్ భాష కోసం వేరే సంఘం పెట్టిండు. రెండు సంఘాల్లో మనుషులు చాలామంది ఒక్కరే, పని మాత్రం వేరు.

ఇక్కడనే సారు ప్రశ్నకు నా జవాబు. ఆటకు ఒక ఆదివారం చాలు. భాషకు వంటిల్లు కావాలె, దుకాణం కావాలె, కోర్టు కావాలె, ఉద్యోగం కావాలె. రాజ్యాంగంలో ఐరిష్ మొదటి అధికార భాష అని రాసుకున్నరు. 2022 జనాభా లెక్కల్లో 18 లక్షల 70 వేల మంది మాకు వస్తదని చెప్పుకున్నరు. బడి బయట రోజూ మాట్లాడేటోళ్లు 72 వేల లోపే. ఇది ఆటల సంఘం తప్పు కాదు. వాళ్లు చేయగలిగింది చేసిన్రు. ఒకప్పుడు రెఫరీకి ఇచ్చే జట్టు పేర్ల జాబితా ఐరిష్‌లో, అదీ ఐర్లండ్‌లో తయారైన కాగితం మీద రాయాలె, లేకుంటే ఓడినోడు ఫిర్యాదు పెట్టి మ్యాచ్ కొట్టేయించేటోడు. 1969లో స్కోర్ అని పాట, నాట్యం, క్విజ్ పోటీలు క్లబ్బుల మధ్య పెట్టిన్రు.

ఇంకో సంగతి సారు తెలుసుకోవాలె. ఈ అస్తిత్వానికి కంచె కూడా ఉండేది. సాకర్ (మనం ఫుట్‌బాల్ అనేది), రగ్బీ, క్రికెట్ లాంటి పరాయి ఆటలు ఆడినా చూసినా సభ్యత్వం పోయేది. ఎవడు ఏ మ్యాచ్‌కు పోయిండో చూసి రావడానికి మనుషులను పెట్టేటోళ్లు. నేను పైన చెప్పిన డగ్లస్ హైడ్ ఉన్నడు గదా, భాషకు ప్రాణం పెట్టినాయన, దేశానికి మొదటి అధ్యక్షుడైండు. 1938లో అధ్యక్షుని హోదాలో పోలండ్‌తోని సాకర్ మ్యాచ్ చూడటానికి పోయిండు. ఆటల సంఘం ఆయన్ను పోషకుని పదవి నుంచి తీసేసింది! ఆ నిషేధం 1971 దాకా ఉన్నది. అది అంత కాలం నిలవడానికి కారణం లేకపోలేదు. 1920 నవంబర్ 21న క్రోక్ పార్క్‌లో మ్యాచ్ నడుస్తుంటే బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపి 14 మందిని చంపినయ్. అందులో ఒకడు మైదానంలో ఉన్న టిప్పరరీ ఆటగాడు మైకేల్ హోగన్. ఆ స్టేడియంలో ఒక స్టాండు ఇప్పటికీ ఆయన పేరు మీదనే ఉన్నది. 2007లో అదే గడ్డి మీద ఇంగ్లండ్ రగ్బీ జట్టు వచ్చి ఆడింది, వాళ్ల జాతీయగీతం పాడిన్రు, జనం నిశ్శబ్దంగ నిలబడ్డరు. తర్వాత ఐర్లండ్ 43-13తో ఉతికింది అనుకోండి.

మనకు దగ్గరి పోలిక కావాలంటే ఆటల్లో వెతకొద్దు, గ్రంథాలయాల్లో వెతకాలె. నిజాం కాలంలో 1921లో హైదరాబాద్ సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేసిన్రు. ఆ కోపంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మీ హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లోనే పెట్టిన్రు, పైన అక్క చెప్పిన కామోగీ సంఘం పుట్టిన ఏడాదే. వాళ్లు ఊరి నడుమ గ్రౌండ్ పెట్టుకున్నరు, మనం పుస్తకాల అలమర పెట్టుకున్నం.

జనగామ రైడర్:

అన్నలు మస్తు రాసిన్రు. నేను పొట్టిగ చెప్త.

నేను కబడ్డి ఆడిన, జిల్లా దాంక. మా తాత చెప్పేటోడు, ఆళ్ల కాలంల కూత పెట్టుకుంట పోయేటప్పుడు ఒక్కో ఊరోడు ఒక్కో మాట అనేటోడట. ఒకడు చెడుగుడు అంటడు, ఇంకోడు పాట కట్టి పోతడు, ఎదుటోని ఊరిని తిట్టుకుంట పోతడు. ఇప్పుడు రూలు పుస్తకంల ఉన్నది, "కబడ్డి" అన్న మాటనే స్పష్టంగ అనాలె, వేరే మాట అంటే రెఫరీ వాపస్ పంపుతడు. కోచింగ్ క్యాంపుల నేను అలవాటుల ఒకసారి మా తాత మాట అన్న. ఆ పొద్దు పది రౌండ్లు ఉరికిచ్చిన్రు.

ఆట ఢిల్లీ దాంక పోయింది, ఆసియా ఆటలకు 1990ల పోయింది, టీవీల లైట్లు, మ్యాట్లు వచ్చినయ్. మంచిదే, నాకు తెలిసిన పోరగాండ్లకు పైసలు వచ్చినయ్. ఐర్లండోళ్ల లెక్క పైసల్లేకుంట ఆడుమంటే మా ఊర్ల కైకిలి పోయేటోని కొడుకు ఆడడు సారూ. ఆళ్లకు పొద్దుగాల బడిల నౌకరి ఉన్నది, మాకు లేదు.

పీఈటీ సారు, సుబేదారి, హన్మకొండ:

జనగామ తమ్మీ, నువ్వు చెప్పింది గుండెకు తాకింది. ఆ పది రౌండ్లు ఉరికిచ్చిన పీఈటీల్లో నేను సుత ఒకన్ని అనుకో. రూలు పుస్తకం చదివి విజిల్ ఊదినోన్నే నేను. ఏ ఊరు ఏ మాట అంటుండెనో ఒక్కనాడు రాసి పెట్టుకోవాలెనని తోచలే. ఇప్పుడు ఆ ముసలోళ్లు లేరు. పైసల సంగతి సుత నువ్వన్నదే నిజం.

గ్రౌండ్ సంగతి ఒకటి చెప్పాలె. నేను చేసిన ఒక బడిల, ఏ ఊరో చెప్ప, ఎకరంనర గ్రౌండ్ ఉండె. ముందు ఒక మూలకు నీళ్ల ట్యాంకు. తర్వాత ఇంకో మూలకు ఒక ఆఫీసు గది. తర్వాత పెండ్లిళ్లకు కిరాయికి ఇచ్చుడు మొదలైంది, తెల్లారి పోతే ఇస్తరాకులు, గుంజలు పాతిన బొందలు. కాయిదాల మీద కాయిదాలు పెట్టిన. ఆఖరుకు ఖో ఖో కోర్టు కొలిచి సున్నం వేస్తే, ఒక దిక్కు గోడ లోపలికి పోయింది! గాల్వేల ఆ గడ్డి చూసినప్పుడు నాకు కుళ్లు పుట్టింది ఆట చూసి కాదు, కంచె చూసి. ఆ కంచె లోపటి నేల ఎవ్వడు ముట్టడు, అది ఊరిది కాబట్టి.

కరీంనగర్ తమ్మీ, నువ్వు చెప్పిన కిల్కెనీ చట్టం మా బిడ్డకు చదివి వినిపిచ్చిన. ఒక్క మాట మాత్రం నేను ఒప్పుకోను. ఆటకు ఆదివారం చాలు అన్నవు. చాలదు. మంగళవారం ట్రెయినింగ్, గురువారం ట్రెయినింగ్, శుక్రవారం అంగీలు ఉతుకుడు, శనివారం పిల్లల మ్యాచ్. రోజూ ఆడికి పోవాలె గనుకనే అది బతికింది. ఐరిష్‌ల మాట్లాడుకుంట అంగీలు ఉతికే పని ఒక్కటి పెట్టుంటే భాష సుత బతికేదేమో. గాల్వేల ఇంకో విచిత్రం చూసిన. హర్లింగ్ గట్టిగ ఆడేది తూర్పు దిక్కు ఇంగ్లీషు ఊర్లల్ల. ఐరిష్ మాట్లాడే కానమారా దిక్కు గేలిక్ ఫుట్‌బాల్ ఎక్కువ. అంటే ఆట పటం వేరు, భాష పటం వేరు.

అయితే 1980ల గాల్వే హర్లింగ్ కప్పు గెలిచినప్పుడు, 57 ఏండ్ల తర్వాత, కెప్టెన్ జో కానలీ ఐరిష్‌ల మాట్లాడిన మాటలు పక్కింటామెకు ఇప్పటికి నోటికి వస్తయ్. పదమూడేండ్ల బడిల రానిది ఆమెకు ఆ ఐదు నిమిషాలల్ల వచ్చింది. 2005ల కార్క్ కెప్టెన్ షాన్ ఓగ్ ఓ హాల్పిన్ సుత మొత్తం ఐరిష్‌లనే మాట్లాడిండట. ఆయన తల్లి ఫిజీ దేశపామె, చిన్నతనం ఆస్ట్రేలియాల గడిచింది. మంచిర్యాల బిడ్డా, మీ పాప సంగతి చదివినప్పుడు ఆయనే యాదికొచ్చిండు. పుదీన సాండ్‌విచ్ ముచ్చట మా బిడ్డకు చెప్తే పడి పడి నవ్వింది, ఆమె సుత సకినాలు పంచి గుంపుల కలిసిందట!

బోథ్ బడిపంతులు, ఆదిలాబాద్:

పెద్దసారుకు దండాలు. నేను తెలుగు చెప్పే పంతుల్ని. మీ చర్చలోకి లేటుగా వచ్చిన, ఒక్క సంగతి చెప్పి పోత.

మా దిక్కు సగం ఇండ్లల్ల మరాఠీ. మా బడిలో మరాఠీ పిల్లలు విటీదాండు ఆడేటోళ్లు, అంటే మన చిర్రగోనెనే. కొట్టినంక దూరం కొలిచేటప్పుడు వాళ్లు లెక్కపెట్టేది ఎట్లనో తెలుసా? వకట్, లేండ్, మూండ్, నాల్. నేను మొదటిసారి విన్ననాడు నిలువుగుడ్లేసుకొని చూసిన. ఒకటి, రెండు, మూడు, నాలుగు! మరాఠీలో లెక్క ఏక్, దోన్, తీన్ గదా. ఆట కాడికి వచ్చేసరికి మాత్రం తెలుగు లెక్క. ఇది మా ఊరి ముచ్చట కాదు, మహారాష్ట్ర లోపల తెలుగు వాసన లేని ఊర్లల్ల కూడా ముసలోళ్లు ఇట్లనే లెక్కపెడతరు. వాళ్లకు అవి తెలుగు అంకెలని తెల్వదు. ఆట మాటలు, అంతే.

అంటే సారూ, భాష పోయినా ఆట కొన్ని మాటలను జేబులో పెట్టుకొని పోతది. మీ మేర్ ఇష్కె కూడా అదే కావచ్చు. తక్కువ చేసి చూడకండి.

అట్లని నేను సంబరపడతలేను. మా బడిలో ఇప్పుడు ఆ పిల్లలు కూడా ఆడతలేరు.

పీఈటీ సారు, సుబేదారి, హన్మకొండ:

బోథ్ తమ్మీ, నీ సందేశం చదివి రాత్రి పన్నెండింటికి గాల్వేకు ఫోన్ కొట్టిన. ఆడ అప్పుడు పొద్దుమూకుతున్నది. మా మనుమనికి వకట్, లేండ్, మూండ్ చెప్పిన. వాడు, "తాతా, మేం బంతిని కట్టె మీద ఎగరేసేటప్పుడు ఎ హేన్, ఎ దో, ఎ త్రీ అని లెక్కపెడతం, కోచ్ గట్లనే పెట్టుమంటడు" అన్నడు. మళ్ల వాడే, "దో అంటే అమ్మ హిందీ సీరియల్ల దో నే గదా" అన్నడు. నేను చరిత్రోడు తమ్మిని అడుగుమన్న, నాకు గంత తెల్వదు.

ఇంకోటి సుత చెప్పిండు. వాళ్లకు కట్టెలు చేసేది యాష్ అనే చెట్టు మొదలుతోని. వేరు కాడ వంకర తిరిగిన జాగల కోస్తరు, అప్పుడు నార కట్టె కొస దాంక వంగి వస్తది, దెబ్బకు విరగదు. ఆ చెట్టుకు పదేండ్లకు మీది నుంచి ఏదో బూజు రోగం తగిలి సచ్చిపోతున్నయ్, ఇప్పుడు వెదురుతోని సుత చేస్తున్నరట. వాని కట్టె వెదురుదేనట. "తాతా, మీ తాన వెదురు ఉన్నదా" అని అడుగుతున్నడు. ములుగు అడవి సంగతి ఈనికి ఏం చెప్పాలె!

వచ్చే జులైల వాడు నెల రోజులు హన్మకొండ వస్తున్నడు. నేను వానికి చిర్రగోనె చేసి పెట్టాలె. చిన్నప్పుడు మా బాపు తుమ్మ కొమ్మ కోసి గోనె చేసేటోడు, చిర్రకు మాత్రం వేరే కట్టె వాడేటోడు, అది చింతనో, రేగో యాదికొస్తలేదు. ముసలోళ్లు ఎవరన్న ఉంటే చెప్పుండ్రి: చిర్రకు ఏ కట్టె మంచిది, రెండు కొసలు ఎంత చెక్కాలె? బోథ్ తమ్మీ, నాల్ తర్వాత వాళ్లు ఏమంటరో సుత రాసి పంపు.